‘సమజైందా?’ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత ‘సమజైందా?’ గారికి,

వరంగల్, హన్మకొండ బడుల్లో టీచరు మాట ఎక్కడ ఆగితే అక్కడ తమరు హాజరు. తమరు వినబడగానే ముప్పై గొంతులు ‘సమజైంది సార్’ అంటాయి. ఇంత తిరుగులేని జవాబు రెండో ఎక్కానికి కూడా రాదు. రెండు నిమిషాలకు టేబుల్ ముందు లైను: ‘సార్, ఏ పేజీ?’ ‘పెన్నా, పెన్సిలా?’ ‘మార్జిన్ కొట్టాల్నా?’

తమరిని వెంటేసుకొచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘వర్క్‌బుక్ తీసి, 24వ పేజీల మూడోది చదివి, సరైన దానికి సున్నా చుట్టి, బొమ్మకు రంగేసి, పేరు రాసి టేబుల్ మీద పెట్టుండ్రి, సమజైందా?’ ఒక్క ఊపిరిలో ఆరు పనులు. అదీ పిల్లలు సంచుల్లో తలలు దూర్చి పుస్తకం వెతుక్కునేటప్పుడు. రెండో తరగతి పిల్ల చెవిలో మిగిలేది రంగు ఒక్కటే. బొమ్మంతా ఎర్రబడ్డాక సున్నా ఎక్కడ చుట్టాలో ఆమెకు కనబడదు, దిద్దేవాళ్లకూ కనబడదు.

ఇక పుస్తకం భాష. ‘జతపరచండి’ అని ఏ ఇంట్లో ఎవరంటారు? ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్లాడికి, కోయ మాట్లాడే ములుగు గూడెం పిల్లకు అది ఇంకో కొండ. లెక్క వచ్చిన పిల్ల కూడా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది. ‘గీత గీసి కలుపు’ అని బోర్డు మీద ఒకటి చేసి చూపిస్తే రెండోది తనే చేస్తుంది.

తమరు లేని పూట పని ఇలా సాగుతుంది. ముందు చేతులు ఖాళీ, కళ్లు ఇటు. ఒకటి, రెండు తరగతులకు ఒకసారికి రెండు పనులే. పేజీ నంబరు, పెన్సిల్ బొమ్మ, పుస్తకం పెట్టాల్సిన చోటు బోర్డు మీద వరసగా ఉంటాయి. ‘ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు బిడ్డా’ అని చివరి బెంచీ పిల్లను అడగాలి (ముందు బెంచీ తమరి పార్టీ, అక్కడ అడిగి లాభం లేదు). అడిగాక ఆగాలి. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల రికార్డింగులు విని తేల్చింది ఇదే: ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి. తమరికి ఆ సెకను కూడా అక్కర్లేదు.

ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నెట్టుకొచ్చే బడిలో పిల్లలు సొంతంగా పని చేయడం సోకు కాదు, గత్యంతరం లేని అవసరం. అయినా అక్కడ జరిగే పెద్ద పొరపాటు, రాని పాఠాన్ని ‘మీరే చేసుకోండి’ అని వదిలేయడం. అప్పుడు పక్కవాడి పలకే పాఠ్యపుస్తకం. సొంత పనికి వచ్చినదే ఇవ్వాలి. మొదటి వారం ఐదు నిమిషాలు చాలు, పిల్లలు అందులో నిలదొక్కుకుంటే పది. అనుమానం వస్తే ముందు బోర్డు, తర్వాత పక్కవాళ్లు, ఆ తర్వాతే టీచరు. త్వరగా ముగించినవాళ్లు ఏం చెయ్యాలో కూడా ముందే చెప్పాలి, లేకపోతే వాళ్లు పక్కవాళ్ల పని కూడా ముగిస్తారు.

కాబట్టి తమరికి బతుకమ్మ సెలవుల దాకా లీవు మంజూరు చేస్తున్నాం. ‘ఏ పేజీ సార్?’ అని ఎవరైనా వస్తే బోర్డు వైపు వేలు చూపిస్తాం. నోరు విప్పితే తమరు మళ్లీ జారిపడతారని భయం.

ఇట్లు,
లైను తగ్గని టేబుల్ వెనక కూర్చున్నవాళ్లు