ఆ ఐదు కోట్ల డాలర్లు ఆగిపోకూడదు

గాజా యుద్ధం ఆపడానికి ట్రంప్ తెచ్చిన 20 అంశాల ప్రణాళిక మీద మనం చాలా చర్చలు విన్నాం. బందీల విడుదల, ఇజ్రాయెల్ సైన్యం వెనక్కి తగ్గడం, హమాస్ ఆయుధాలు వదిలేయడం... టీవీల్లో నలిగినవన్నీ ఇవే. 18వ అంశం దగ్గర ఆగినవాళ్లు తక్కువ. ఇజ్రాయెలీల, పాలస్తీనీయుల ఆలోచనలు మారేలా, సహనంతో కలిసి బతికేలా మతాల మధ్య సంభాషణ మొదలుపెడతామని అందులో రాశారు. 2025 అక్టోబర్ 10న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. మూడు రోజులకు, ప్రాణాలతో మిగిలిన 20 మంది బందీలు ఇళ్లకు చేరారు. నవంబర్ 17న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2803వ తీర్మానంతో ఆ ప్రణాళికకు మద్దతు పలికింది. బాగానే ఉంది. మరి ఆ 18వ అంశాన్ని అమలు చేసేది ఎవరు? ఏ డబ్బుతో?

ఈ ప్రశ్నకు అమెరికా కాంగ్రెస్ దగ్గర ముందే ఒక జవాబు ఉంది. 2020 డిసెంబర్‌లో మధ్యప్రాచ్య శాంతి భాగస్వామ్య చట్టం వచ్చింది. న్యూయార్క్ నుంచి 32 ఏళ్లు ప్రతినిధుల సభలో ఉన్న నీటా లోవీ పేరు దానికి పెట్టారు. అప్పుడామె సభలో నిధుల కేటాయింపు కమిటీకి అధ్యక్షురాలు, డెమొక్రాట్. రిపబ్లికన్లు కూడా కలిసివచ్చారు. సంతకం పెట్టింది అప్పుడూ ట్రంపే. ఏడాదికి 5 కోట్ల డాలర్ల చొప్పున ఐదేళ్లకు 25 కోట్ల డాలర్లు. రెండు వైపుల సామాన్యుల్ని కలిపే పనులకు, కలిసి నడుపుకునే వ్యాపారాలకు ఆ డబ్బు ఇవ్వాలి. ఇజ్రాయెలీలూ పాలస్తీనీయులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కోసం ఏ దేశమూ అప్పటిదాకా ఇంత మొత్తం పక్కన పెట్టలేదు.

చట్టంలో రాసుకున్న ఐదేళ్లు 2025 ఆర్థిక సంవత్సరంతో, అంటే సెప్టెంబర్ 30తో అయిపోయాయి. అంతకుముందే, 2025 మొదట్లో, ఈ డబ్బులో ఎక్కువ భాగాన్ని పంచే యూఎస్‌ఎయిడ్ అనే అమెరికా విదేశీ సాయ సంస్థను కూల్చేశారు. జూలై 1 నాటికి మిగిలిన పనిని విదేశాంగ శాఖలో కలిపేశారు. నడుస్తున్న చాలా కార్యక్రమాలకు మధ్యలోనే డబ్బు ఆగిపోయింది. నీటా లోవీ కూడా అదే ఏడాది మార్చిలో కన్నుమూశారు.

5 కోట్ల డాలర్లంటే మనకు పెద్ద మొత్తంగానే వినిపిస్తుంది. పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం అమెరికా ఇజ్రాయెల్‌కు ఏటా ఇచ్చే సైనిక సాయం 380 కోట్ల డాలర్లు. రోజుకు కోటి డాలర్ల పైమాటే. అంటే ఏడాది పొడవునా శాంతి పనికి ఇచ్చేది ఐదు రోజుల ఆయుధాల సాయంతో సమానం కూడా కాదు. ఇజ్రాయెల్ తనను తాను కాపాడుకోవాలా వద్దా అనే వాదనలోకి నేను వెళ్లడం లేదు. మిగతా 360 రోజుల సాయం అలాగే ఉంచుకున్నా, ఈ ఐదు రోజులపాటి డబ్బు దగ్గర చేయి వెనక్కి తీయకండి అని మాత్రమే అడుగుతున్నాను.

ఇలాంటి పని వల్ల ఏం ఒరుగుతుంది అని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది మురుగునీటి కథ. యుద్ధానికి చాలా ఏళ్ల ముందు నుంచే గాజాలో కరెంటు సరిగా ఉండేది కాదు. కరెంటు లేకపోతే మురుగు శుద్ధి చేసే ప్లాంట్లు నడవవు. ఆ మురుగంతా నేరుగా సముద్రంలోకి పోయేది. అక్కడి అలల వాలు ఉత్తరానికి. గాజా తీరం దాటగానే ఇజ్రాయెల్‌లో అష్కెలోన్ వస్తుంది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే పెద్ద ప్లాంటు ఉన్నది అక్కడే. మురుగు వచ్చి చేరితే ఆ ప్లాంటును ఆపేయాల్సి వచ్చేది. కంచె కట్టారు, గోడ కట్టారు, భూమి లోపల సొరంగాలు రాకుండా కాంక్రీటు దించారు. మురుగు మాత్రం సముద్రం మీదుగా వెళ్లి ఇజ్రాయెల్ తాగే నీటి దగ్గర నిలబడింది. ఈ సంగతిని ఇజ్రాయెల్ మేయర్లకు, అధికారులకు అర్థమయ్యేలా చెప్పింది ఎకోపీస్ అనే సంస్థ. దానికి అమ్మాన్‌లో, రమల్లాలో, టెల్ అవీవ్‌లో ఆఫీసులు ఉన్నాయి. జోర్డాన్, పాలస్తీనా, ఇజ్రాయెల్ మనుషులు కలిసి నడుపుతారు. గాజాకు కరెంటు ఇవ్వడం దయాధర్మం కాదు, మీ కుళాయి కోసమే అని వాళ్లు చెప్పగలిగారంటే కారణం ఏళ్లతరబడి ఒకరి ఫోన్ ఇంకొకరు ఎత్తడమే. యుద్ధం మొదలైన రోజున కొత్తగా ఒక కమిటీ వేస్తే ఆ నమ్మకం పుట్టదు.

జెరూసలేంలో హ్యాండ్ ఇన్ హ్యాండ్ బడి ఉంది. యూదు పిల్లలు, అరబ్బు పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. హీబ్రూ మాట్లాడే టీచర్ ఒకరు, అరబిక్ మాట్లాడే టీచర్ ఒకరు. 2014 నవంబర్‌లో యూదు తీవ్రవాదులు ఒకటో తరగతి గదిని తగలబెట్టారు. బడి మూతపడలేదు. పిల్లల్ని మాన్పించకుండా తల్లిదండ్రులు మళ్లీ పంపారు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం పేరెంట్స్ సర్కిల్. 1995లో మొదలైన ఈ సంఘంలో చేరాలంటే ఒకటే అర్హత, ఈ గొడవలో ఇంట్లో మనిషిని పోగొట్టుకుని ఉండాలి. అలాంటి కుటుంబాలు రెండు వైపుల నుంచీ 700కు పైగా ఉన్నాయి. రామీ ఎల్హనాన్ కూతురు స్మదర్‌ను 1997 సెప్టెంబర్‌లో జెరూసలేం బెన్ యెహుదా వీధిలో ఆత్మాహుతి బాంబులు బలితీసుకున్నాయి. టీనేజీ పిల్ల. బస్సాం అరామీన్ కూతురు అబీర్‌కు పదేళ్లు. 2007 జనవరిలో అనాటాలో బడి బయట ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసు కాల్చిన రబ్బరు తూటా తలకు తగిలి చనిపోయింది. బస్సాం కుర్రతనంలోనే ఏడేళ్లు ఇజ్రాయెల్ జైల్లో గడిపినవాడు. రామీ ఇజ్రాయెల్ సైన్యంలో పనిచేసినవాడు. ఈ ఇద్దరు తండ్రులు పక్కపక్కన కూర్చుని బడుల్లో, ఊళ్లలో, అమెరికా సెనేటర్ల ముందు తమ బిడ్డల కథ చెబుతారు. కడుపుకోత అనే మాట మన భాషలో ఉంది, దాని బరువు మనకు తెలుసు. ఆ కోత పడ్డవాడు కోసినవాళ్ల వైపు మనిషిని అన్నా అని పిలవడానికి ఎంత దమ్ము కావాలో చెప్పనక్కర్లేదు.

ఆ దమ్ముకు దొరికే బహుమానం కూడా చూడండి. ఏటా ఇజ్రాయెల్ సైనికుల సంస్మరణ దినం ముందు సాయంత్రం ఈ సంఘం, కంబాటెంట్స్ ఫర్ పీస్ అనే మరో సంఘం కలిసి రెండు వైపుల మృతులకూ ఒకే సభలో నివాళి పెడతాయి. 2025 ఏప్రిల్‌లో ఆ సభను రానానా పట్టణంలోని ఒక సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) తెర మీద చూస్తున్న జనం మీద మూక దాడి చేసింది. రాళ్లు విసిరారు. సభ చూడటానికి వచ్చినవాళ్లను పోలీసులు దగ్గరుండి బయటికి పంపాల్సి వచ్చింది. దుఃఖం పంచుకోవడానికే ఇంత ధైర్యం కావాల్సిన చోట, ఆ మనుషులకు ఒక హాలు, ఒక బస్సు, ఒక అనువాదకుడి జీతం దొరకకుండా చేయడం అన్యాయం. ఈ నిధుల్లో చాలా భాగం ఖర్చయ్యేది ఇలాంటి చిన్న చిన్న వాటికే.

2023 అక్టోబర్ 7 ఇదంతా బూటకమని తేల్చేసింది కదా అంటారు కొందరు. ఆ రోజు హమాస్ దాదాపు 1,200 మందిని చంపింది, 251 మందిని ఎత్తుకుపోయింది. బేరీ కిబ్బుట్జ్ (ఉమ్మడిగా బతికే ఊరు)లో చనిపోయినవాళ్లలో వివియన్ సిల్వర్ ఒకరు. గాజా రోగుల్ని తన కారులో ఇజ్రాయెల్ ఆస్పత్రులకు తీసుకెళ్లిన పెద్దావిడ ఆమె. ఆ తర్వాత రెండేళ్లలో గాజాలో 67 వేల మందికి పైగా చనిపోయారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. వివియన్ కొడుకు యోనతాన్ జీగెన్ తల్లి పోయాక ప్రతీకారం అడగలేదు, ఉన్న ఉద్యోగం వదిలి శాంతి పనిలోకి వచ్చాడు. ఆయన కంటే ఎక్కువ నష్టపోని మనం, ఇదంతా దండగ అని ఏ నోటితో అంటాం?

పాలస్తీనా వైపు నుంచి వచ్చే అభ్యంతరం దీనికంటే బరువైనది. దాన్ని వాళ్లు తత్బీ అంటారు. అంటే ఆక్రమణ ఆక్రమణలాగే ఉండగా అంతా మామూలే అన్నట్టు కలిసి కాఫీ తాగడం. వెస్ట్ బ్యాంక్‌లో, తూర్పు జెరూసలేంలో సుమారు 7 లక్షల మంది ఇజ్రాయెలీ సెటిలర్లు, అంటే ఆక్రమిత భూమిలో ఇళ్లు కట్టుకుని స్థిరపడినవాళ్లు, ఉన్నారు. వెస్ట్ బ్యాంక్‌లో పక్కపక్క ఊళ్లలో ఒకరికి ఒక చట్టం, ఇంకొకరికి సైనిక చట్టం. ఈ కోపం న్యాయమైనదని నా అభిప్రాయం. సంభాషణ సెటిల్‌మెంట్లను ఆపదు. పాలస్తీనా రాజ్యాన్ని తెచ్చి చేతిలో పెట్టదు. కానీ ఆక్రమణ తప్పని ఇజ్రాయెల్ లోపల నిలబడి గొంతెత్తుతున్నవాళ్లలో చాలామంది, రామీ సహా, ఎదుటివాళ్ల కథ విన్నాకే అక్కడికి వచ్చారు. వాళ్లను ఒంటరి చేస్తే లాభపడేది ఎవరు?

డబ్బు ఉగ్రవాదుల చేతికి పోతుందని రిపబ్లికన్లలో కొందరి భయం. అలాంటి సంస్థలతో సంబంధం ఉన్నవాళ్లకు పైసా ఇవ్వకూడదని ఆ చట్టంలోనే ఉంది, వడపోత ఉంది. దీని మీద ఎక్కువ వాదన అక్కర్లేదు.

అసలు పోల్చి చూడాల్సింది ఉత్తర ఐర్లాండ్‌తో. కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య గొడవల్లో బాంబులు పేలుతుండగానే, 1986లో అక్కడ ఇంటర్నేషనల్ ఫండ్ ఫర్ ఐర్లాండ్ పెట్టారు. అమెరికా అందులో పెద్ద దాత. ఆ గొడవలను ఆపిన గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరింది 1998 ఏప్రిల్ 10న, అంటే 12 ఏళ్ల తర్వాత. మే నెలలో రెఫరెండం పెడితే ఉత్తర ఐర్లాండ్‌లో 71 శాతం మంది అవునన్నారు. బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కుల వీధికీ ప్రొటెస్టెంట్ల వీధికీ మధ్య గోడలు ఇప్పటికీ ఉన్నాయి, అదీ నిజమే. ఇజ్రాయెలీలకూ పాలస్తీనీయులకూ మధ్య కుదిరిన ఓస్లో ఒప్పందంలో మాత్రం వరస తిరగబడింది. 1993లో నాయకులు ముందు చేతులు కలిపారు, జనాన్ని తర్వాత చూసుకుందాం అనుకున్నారు. హెబ్రోన్ మసీదులో ఒక యూదు తీవ్రవాది 29 మందిని కాల్చి చంపాడు. హమాస్ బస్సుల్లో బాంబులు పేల్చింది. 1995 నవంబర్ 4న ప్రధాని రబీన్‌ను ఒక ఇజ్రాయెలీయే చంపాడు. ఒప్పందాన్ని వీధిలో నిలబడి కాపాడే జనం రెండు వైపులా సరిపడా లేకపోయారు. ఐర్లాండ్ లాంటి నిధి ఇక్కడా పెట్టడం కోసం లండన్‌లో ఒక సమావేశం జరుపుతామని బ్రిటన్ ప్రధానిగా స్టార్మర్ 2024 డిసెంబర్‌లో మాట ఇచ్చారు. అమెరికా వెనక్కి తగ్గితే అది నడవడం కష్టం.

ఇందులో అమెరికాలోని మన తెలుగువాళ్ల పని కూడా ఉంది. న్యూజెర్సీలో, టెక్సస్‌లో ఇప్పుడు మన ఓట్లు కొన్ని నియోజకవర్గాల్లో లెక్కలోకి వస్తాయి. మొన్న ఫిబ్రవరిలో మేం నలుగురం మా ప్రతినిధి స్థానిక ఆఫీసుకు వెళ్లాం. పాతికేళ్లు కూడా ఉండని స్టాఫర్ అమ్మాయి ముందు మా జిప్ కోడ్ అడిగింది. తర్వాత, వీసాల గురించా అని అడిగింది. మనవాళ్లు వెళ్లేది ఎక్కువగా దానికే మరి. కాదు, ఇజ్రాయెల్, పాలస్తీనా గురించి అన్నాం. మీకెందుకు ఈ విషయం అని మర్యాదగానే అడిగింది. మా పెద్దమ్మ కొడుకు గురించి చెప్పాను. జగిత్యాల నుంచి వెళ్లి టెల్ అవీవ్ పక్కన ఒక ముసలాయన్ని చూసుకునే పనిలో ఉన్నాడు. సైరన్ మోగినప్పుడల్లా ఆయన్ని వీల్‌చైర్‌లో షెల్టర్‌కు తోసుకుని పోవాలి. అన్న నుంచి మెసేజ్ వచ్చేదాకా ఇక్కడ మా ఇంట్లో, అక్కడ పెద్దమ్మ ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ అమ్మాయి తలూపి రాసుకుంది.

మేం అడిగింది రెండే. చట్టాన్ని మరో ఐదేళ్లకు పొడిగించే ప్రయత్నానికి మీ ప్రతినిధి పేరు కలపాలి. అక్టోబర్ 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి నిధుల కమిటీకి పంపే కోరికల్లో ఏడాదికి 5 కోట్ల డాలర్లకు తగ్గకుండా ఈ పద్దు ఉండాలి. ఆ ఉత్తరాలు వసంతంలోనే వెళ్లిపోతాయి, ఆలస్యమైతే ఏడాది పోయినట్టే. వెళ్లలేనివాళ్లు క్యాపిటల్ స్విచ్‌బోర్డ్ 202-224-3121కు ఫోన్ చేసి తమ ప్రతినిధి ఆఫీసుకు కలపమంటే చాలు. ఎవరు ఏ విషయం మీద ఫోన్ చేశారో ఆ ఆఫీసులు రాసిపెట్టుకుంటాయి.

మేం లేచి తలుపు దాకా వచ్చాక ఆ అమ్మాయి వెనక నుంచి పిలిచింది. చట్టానికి ఎవరి పేరు అన్నారు, స్పెల్లింగ్ చెప్తారా అంది. వెనక్కి వెళ్లి, ఆమె రాసుకుంటుంటే ఒక్కో అక్షరం చెప్పాం. ఎల్, ఓ, డబ్ల్యూ, ఈ, వై.