మంచు బండి, మావయ్యగారి ఫొటోలు

మిన్నెసోటాలో ఇల్లు కొన్నవాడు మొదటి చలికాలం మంచు ఎత్తే మిషను కొంటాడు. రెండో చలికాలం పక్కింటాయన్ని చూసి మంచు మీద పరిగెత్తే బండి, అంటే స్నోమొబైలు, కొంటాడు. ఆ బళ్ళకి పేరుపడ్డ రోజో, థీఫ్ రివర్ ఫాల్స్ ఊళ్ళు ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి మరి. నాది సెకండ్ హ్యాండ్. గతుకొస్తే ముందు బండి, తర్వాత నేను, ఆ తర్వాత నా వెన్నుపూస విడివిడిగా దిగేవాళ్ళం.

షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. షాపువాడి రేటు విని, నేనే చేసుకుంటానన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. షెల్ఫులో ఉన్న మిక్సీ వైపు చూసింది. రెండేళ్ళ కిందట దాన్ని విప్పింది నేనే.

అక్టోబరు. గ్యారేజీలో ఒక పక్క నేను, ఇంకో పక్క బజ్జీల స్టవ్వుతో మా ఆవిడ (ఇంట్లో వేయిస్తే పొగ అలారం ఊరుకోదు), మధ్యలో కుర్చీలో మావయ్యగారు. ఆయన ఒంగోలు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా రిటైరయ్యారు.

"మా బస్సులకి కమాన్ కట్టలుండేవండీ. దీనికి గ్యాసెందుకూ?" అన్నారు.

గొట్టంలో ఒక వైపు నూనె, ఒక వైపు నైట్రోజన్, మధ్యలో అటూ ఇటూ జరిగే బిళ్ళ. నూనెలో గ్యాసు కలిస్తే చిలికిన మజ్జిగలా నురగొచ్చి, షాకు పనిచెయ్యదు. రాత్రి వీడియోలో చూసిందంతా చిన్నప్పటి నుంచీ తెలిసినట్టు చెప్పాను.

వాల్వు నొక్కి గ్యాసు వదిలాను. మూత విప్పాను. పాత నూనె కంపుకి పాప ముక్కు మూసుకుని పారిపోయింది. లోపలి బిళ్ళ మాత్రం రానంది. సైకిలు పంపు తగిలించి నాలుగుసార్లు కొట్టాను. గొట్టం మూతికి గుడ్డ అడ్డం పెట్టాలని అప్పుడు గుర్తొచ్చింది. గుడ్డ కోసం అటు తిరుగుతూ, అలవాటుగా ఐదోసారి కొట్టాను.

ఠప్పుమంది. బిళ్ళ పైకప్పుకి తగిలి, తిన్నగా వచ్చి శనగపిండి గిన్నెలో డుబుక్కున మునిగింది. నూనె నా చొక్కా మీద. మావయ్యగారు గిన్నెలోకి తొంగిచూసి, "తీసెయ్యమ్మా, అది వేగదు" అన్నారు.

అసలు కష్టం షిమ్ములతో వచ్చింది. పిస్టన్ మీద దొంతరగా ఉండే పల్చటి వాషర్లివి. నూనె ఎంత తేలిగ్గా పారాలో తేల్చేవి ఇవే, కాబట్టి వరస తప్పకూడదు. విప్పినవి విప్పినట్టే స్క్రూడ్రైవరుకి గుచ్చి, చేతులు కడుక్కోడానికి వెళ్ళాను. వచ్చేసరికి మా ఆరేళ్ళ పాప వాటిని తీసి, తళతళా తుడిచి, పెద్దది అడుగున, చిన్నది పైన పేర్చి గోపురం కట్టింది.

"నీట్‌గా పెట్టేశాను నాన్నా!"

చూడముచ్చటగానే ఉంది. కానీ ఈ దొంతరలో పెద్దవాటి మధ్య కావాలనే ఒక చిన్నది పెట్టి ఉంది. అది ఎన్నోది? ఒకే వెడల్పున్న వాటిలో 0.15 మిల్లీమీటర్ల మందం దేనిది, 0.20 దేనిది?

టెన్షన్ పడలేదు. అడుగడుక్కీ ఫొటో తియ్యమని మావయ్యగారికి ముందే చెప్పాను. ఆయన ఫోను తెరిచాను. 34 ఫొటోలు. అన్నిట్లోనూ నేనే. వంగుతూ నేను, కూర్చుని నేను, నూనె తుడుచుకుంటూ నేను. ఒక్కదాంట్లో షిమ్ములున్నాయి, వాటి మీద నా బొటనవేలుంది.

"మనిషి లేకుండా ఫొటో ఏం బాగుంటుందండీ" అన్నారాయన.

మర్నాడు మందం కొలిచే మైక్రోమీటరు అరువు తెచ్చి, మాన్యువల్ ముందేసుకుని మళ్ళీ పేర్చాను. ఇక నైట్రోజన్. "మన బంకుల్లో కారు టైర్లకి కొడతారుగా?" అన్నారు మావయ్యగారు. టైరుకి 30, 35 పీఎస్ఐ చాలు, ఈ షాకుకి 200 కావాలి. చివరికి ఆ షాపుకే వెళ్ళాను. షాపాయన గ్యాసు నింపి, నా జుట్టులో శనగపిండి చూసి, ఏమీ అడగలేదు.

ఆ రాత్రి అమ్మ ఫోను చేసింది. గొంతు వణుకుతోంది. మావయ్యగారు 34 ఫొటోలూ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారట.

"ఉద్యోగం పోయిందని ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా! ఆ షెడ్డులో ఎన్నాళ్ళు చేస్తావు? వచ్చెయ్యి, ఏదో ఒకటి చూసుకుందాం."

వెనక నుంచి పిన్ని గొంతు: "చొక్కా చూశావా అక్కా, పాపం, పెళ్ళిచూపుల నాటిది!"