ఊచకోతే వ్యూహమా? రోమ్ టోటల్ వార్ మీద తిరుగుతున్న సలహాకి జవాబు

రోమ్ టోటల్ వార్ అనే కంప్యూటర్ యుద్ధ వ్యూహాల ఆట 2004లో వచ్చింది. 2021లో రీమాస్టర్ అయ్యాక కొత్తవాళ్ళు చాలామంది ఆడుతున్నారు. వాళ్ళతో పాటే ఒక పాత సలహా కూడా మళ్ళీ చేతులు మారుతోంది. క్లుప్తంగా అది ఇదీ: "టైమ్ తక్కువ, మొదటి టర్న్ (వంతు) నుంచీ ఆపకుండా దాడి చెయ్యి. పట్టుకున్న ప్రతి ఊరినీ ఎక్స్‌టర్మినేట్ (ఊచకోత) చెయ్యి. కట్టడాల మీద పైసా తగలెయ్యకు, ఉన్నదంతా సైన్యానికే. సెనేట్ (రోమ్ పెద్దల సభ) మాట వినాల్సిన పని లేదు. అసలు రోమన్లు ప్రపంచాన్ని గెలిచిందే ఇలాగ."

పూర్తిగా తప్పయితే ఇంతకాలం బతికేది కాదు. ఇందులో సగం సగం నిజాలున్నాయి. మొదట్లో ఏఐ (కంప్యూటర్ నడిపే ప్రత్యర్థుల) సైన్యాలు పలచగా ఉంటాయి, గోడలు బలహీనంగా ఉంటాయి, అప్పుడు చొరవ చూపినవాడికి లాభమే. ఆ ఒక్క మాట పట్టుకుని మిగతావన్నీ అల్లేశారు.

"టైమ్ తక్కువ" అన్నది ముందు తేల్చేద్దాం, ఎందుకంటే దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. క్యాంపెయిన్ క్రీ.పూ. 270లో మొదలై క్రీ.శ. 14 దాకా నడుస్తుంది. ఏడాదికి రెండు టర్న్‌లు. మొత్తం 560కి పైగా టర్న్‌లు. గెలవడానికి కావలసింది రోమ్‌తో కలిపి 50 ప్రావిన్సులు. ఒక్కోదానికి పదకొండు టర్న్‌లు తీసుకున్నా సరిపోతుంది. చాలామంది క్యాంపెయిన్‌ని మధ్యలో వదిలేసేది టైమ్ చాలక కాదు, విసుగొచ్చి.

ఇక ఊచకోత. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

ఊరు చేతికి రాగానే ఆట మూడు దారులు చూపిస్తుంది: ఆక్యుపై (ఊరికే ఆక్రమించుకోవడం), ఎన్‌స్లేవ్ (జనాన్ని బానిసలు చేయడం), ఎక్స్‌టర్మినేట్. మూడోది నొక్కితే జనాభాలో ముప్పాతిక వంతు పోతుంది, ఖజానాలో గట్టిగా డబ్బు పడుతుంది, మిగిలినవాళ్ళు కిక్కురుమనరు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఈ ఆటలో జనాభా అంటే ఏంటో ఈ సలహా ఇచ్చేవాళ్ళు మర్చిపోతున్నారు. ఊళ్ళో తయారుచేసే ప్రతి యూనిట్ (దళం)లోని సైనికులు ఆ ఊరి జనాభాలోంచే తగ్గుతారు. ఊరి స్థాయి పెరగాలన్నా జనాభాయే: 2000 దాటితే గవర్నర్స్ విల్లా అనే పాలనా భవనం, 6000కి గవర్నర్స్ ప్యాలెస్, 12000కి ప్రోకాన్సుల్స్ ప్యాలెస్, 24000కి ఇంపీరియల్ ప్యాలెస్. స్థాయి పెరక్కపోతే మంచి బ్యారక్స్ (సైనికులని తయారుచేసే కట్టడం) రాదు, పెద్ద గోడ రాదు. 2000 మంది ఉన్న గాల్ తెగల ఊరిని ఊచకోత కోస్తే మిగిలేది 500. 400 దగ్గర రిక్రూట్‌మెంట్ ఆగిపోతుంది. అంటే సరిహద్దులో మీకు ఒక ఊరు దొరికిందన్న మాటే గానీ, అక్కడ చచ్చిన సైనికుల స్థానంలో కొత్తవాళ్ళని చేర్చుకునే దారి కొన్నేళ్ళపాటు మూసుకుపోయినట్టే.

ఎన్‌స్లేవ్ చేస్తే ఏమవుతుంది? సగం మంది పోతారు, కానీ పోయినవాళ్ళు మాయమైపోరు. గవర్నర్ కూర్చున్న మీ మిగతా ఊళ్ళకి పంచబడతారు. ఈ "గవర్నర్ కూర్చున్న" అన్న మాట దగ్గరే అసలు ప్లానింగ్ ఉంది. దాడికి ముందు మీ కుటుంబ సభ్యులని ఏయే ఊళ్ళలో ఉంచుతారో చూసుకోండి. ఆటలోని మూడు రోమన్ కుటుంబాలు జూలియై, బ్రూటియై, స్కిపియైలలో మీరు స్కిపియై ఆడుతుంటే ఒకణ్ణి ఇటలీలోని మీ ఊరు కాపువాలో కూర్చోబెట్టి, ఇప్పటికే కిక్కిరిసిన ఊళ్ళలోంచి మిగతావాళ్ళని ఒక అడుగు బయటికి జరిపి, అప్పుడు సిసిలీలోని లిలీబియమ్ మీద పడండి. బానిసలు కాపువాకి చేరతారు. ఇదేదో చిన్న చిట్కా అనుకోకండి. ఇటలీలోని ఒక నగరం 24000కి చేరి అక్కడ ఇంపీరియల్ ప్యాలెస్ కడితేనే మారియస్ సంస్కరణలు వస్తాయి, హస్తాతీ, ప్రిన్సిపెస్ అనే పాత దళాల కాలం పోయి లీజియనరీ కోహోర్ట్‌లనే మెరుగైన దళాలు దిగుతాయి. ప్రతి ఊరినీ కోసుకుంటూ పోయేవాడు ఆ రోజుని తన చేత్తోనే వెనక్కి నెట్టుకుంటున్నాడు.

ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. కార్తేజ్, అలెగ్జాండ్రియా, కోరింత్ లాంటి పెద్ద నగరాలు వేరు. అక్కడ స్క్వాలర్ (జనం కిక్కిరిసి పెరిగే మురికి) అప్పటికే నెత్తి మీద ఉంటుంది, సంస్కృతి తేడాకి శాంతిభద్రతల్లో కోత పడుతుంది, రాజధాని దూరం కాబట్టి ఇంకో కోత. మామూలుగా ఆక్యుపై చేస్తే సైన్యం మొత్తం కాపలాకే సరిపోతుంది, కదిలితే తిరుగుబాటు. అలాంటిచోట ఎక్స్‌టర్మినేట్ నొక్కడానికి కారణం ఉంది. ఆ కారణం పెద్ద ఊరికి మాత్రమే వర్తిస్తుంది. దాన్ని రెండువేల మంది ఉన్న పల్లెకి కూడా అంటించడమే ఈ సలహాలోని తెలివితక్కువతనం. అన్నట్టు, రాజధానిని ఆట మధ్యలో మార్చుకోవచ్చు. తూర్పున గెలుస్తూ పోతున్నవాళ్ళు ఇంకా ఇటలీ కొసలోనే రాజధాని పెట్టుకుని తిరుగుబాట్లని తిట్టుకోవడం చూస్తే నవ్వొస్తుంది.

"కట్టడాలు దండగ" అన్న మాటకి జవాబు రీట్రైన్ (చిక్కిన దళాన్ని మళ్ళీ నింపే) బటన్ దగ్గరుంది. ఇరవై యూనిట్ల ఫుల్ స్టాక్‌తో గ్రీసు దాటి ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) వెళ్ళారనుకోండి. ప్రతి యుద్ధంలో కొంతమంది పోతారు. ఆ యూనిట్లని మళ్ళీ నింపాలంటే వాటిని తయారుచేయగల బ్యారక్స్ దగ్గర్లో ఉండాలి. లేకపోతే సగానికి చిక్కిన సైన్యంతో ముందుకెళ్ళాలి, లేదా ఓడెక్కి ఇటలీకి రావాలి. దండయాత్ర వేగం అని గొప్పగా చెప్పుకున్నదంతా ఆ తిరుగు ప్రయాణంలో పోతుంది. పైగా ప్రతి యూనిట్‌కీ ప్రతి టర్న్‌కీ ఖర్చుంది. దోపిడీ డబ్బు ఒక్కసారి వస్తుంది, ఓడరేవు డబ్బు ప్రతి టర్న్‌కీ వస్తుంది. రోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు, సైన్యం ఎంత దూరం నడుస్తుందో దాన్ని బట్టే ఉంటుంది. వేగం కావాలనేవాడు రోడ్లు వద్దనడం ఏంటో!

ఇక, "రోమన్లు ఇలాగే గెలిచారు." ఆట సంగతి పక్కన పెట్టినా ఈ మాటని వదలకూడదు, ఎందుకంటే దీన్ని చరిత్ర పాఠంలా చెబుతున్నారు.

రోమన్లు దయామయులని ఎవరూ అనరు. క్రీ.పూ. 146లో ఉత్తర ఆఫ్రికాలోని తమ ప్రత్యర్థి కార్తేజ్‌నీ, అదే ఏడాది గ్రీకు నగరం కోరింత్‌నీ నాశనం చేశారు. అంతకుముందు 167లో గ్రీసు పశ్చిమాన ఉన్న ఎపిరస్‌లో ఊళ్ళకి ఊళ్ళని దోచి జనాన్ని బానిసలుగా అమ్మేశారు. కానీ కార్తేజ్‌తో మొదటి యుద్ధం మొదలైంది 264లో. మధ్యలో రెండుసార్లు దాన్ని ఓడించారు, రెండుసార్లూ సంధి చేసుకుని బతకనిచ్చారు. గ్రీసుకి ఉత్తరాన ఉన్న మాసిడోన్‌ని ఓడించాక 196లో రోమన్ సేనాని ఫ్లమినినస్ గ్రీకు నగరాలకి స్వేచ్ఛ ప్రకటించాడు. ఆసియా మైనర్‌లోని పెర్గమమ్ అయితే వారసత్వంగా వచ్చింది: 133లో చనిపోయిన అక్కడి రాజు మూడో అట్టలస్ తన రాజ్యాన్ని రోమ్‌కి వీలునామా రాసిచ్చాడు. స్పెయిన్ సంగతి చూడండి. ఆటలో కొన్ని టర్న్‌లలో ఊడ్చేస్తాం. రోమన్లు అక్కడ 218లో అడుగుపెట్టి, మొత్తం లొంగదీసుకునేసరికి క్రీ.పూ. 19 వచ్చింది. రెండొందల ఏళ్ళు.

ఆపకుండా గెలుస్తూ పోవడమే సరిపోతే గెలవాల్సింది కార్తేజ్ సేనాని హానిబల్. ట్రెబియా, ట్రాసిమీన్, కానే: మూడేళ్ళలో మూడు ఘోర పరాజయాలు రోమ్ నెత్తిన పెట్టాడు. ఒక్క కానేలోనే రోమన్లు 48 వేలకు పైగా చనిపోయారని రోమన్ చరిత్రకారుడు లివీ లెక్క. కాపువా హానిబల్ వైపు తిరిగింది, దక్షిణాన మరికొన్ని ఊళ్ళూ తిరిగాయి. కానీ లాటిన్ కాలనీలు (రోమ్ ఇటలీలో నెలకొల్పిన ఊళ్ళు) రోమ్‌తోనే నిలబడ్డాయి. ఇటలీలో రోమ్ మిత్రులు పన్ను కట్టేవాళ్ళు కాదు, సైనికులని పంపేవాళ్ళు. ఒక సైన్యం పోతే ఇంకోటి లేచేది అందుకే. హానిబల్ గెలిచిన ఊళ్ళనేమో ఎవరో ఒకరు కాపాడాలి, దానికి అతని దగ్గర మనుషులు లేరు. 211లో కాపువాని రోమన్లు మళ్ళీ లాక్కున్నారు. ఆటలోని జనాభా లెక్కకీ దీనికీ ఉన్న చుట్టరికం చూశారా?

చివరిది సెనేట్. మొదట్లో అది ఇచ్చే పనులు మీరు ఎలాగూ చేయాల్సినవే, ఒక ఊరిని పట్టుకోమంటుంది: జూలియైకి సెగెస్టా, బ్రూటియైకి అపోలోనియా, స్కిపియైకి సిరక్యూస్. చేస్తే బహుమతి, మీ వాళ్ళకి పదవులు. వినకపోతే సెనేట్‌లో మీ పలుకుబడి జారుతుంది, బాగా జారితే అంతర్యుద్ధం. ఆ యుద్ధం ఏదో ఒకరోజు రాక తప్పదు, ఎందుకంటే గెలవాలంటే రోమ్ కావాలి. కానీ అది మీ సైన్యాలన్నీ గాల్‌లోనో ఆఫ్రికాలోనో ఉన్నప్పుడు రాకూడదు. మిగతా రెండు కుటుంబాల ఊళ్ళు మీ ఇంటి పక్కనే ఉన్నాయి, రోమ్ దగ్గర సెనేట్ పెద్ద సైన్యం సిద్ధంగా కూర్చుంది. అందుకే అంతదాకా పనులు చేసిపెడుతూ, కోహోర్ట్‌లు వచ్చాక రెండు ఫుల్ స్టాక్‌లని ఇటలీకి రప్పించుకోండి. ఒకటి రోమ్ పక్కన, రెండోది మీకు దగ్గర్లో ఉన్న కుటుంబం పెద్ద నగరం పక్కన. గోడలకి ఓనేజర్లు (రాళ్ళు విసిరే యంత్రాలు) వెంట ఉంటే ముట్టడి వేసిన టర్న్‌లోనే లోపలికి దూరొచ్చు. అప్పుడు సెనేట్ మాట వినడం మానెయ్యండి.