బండి మీద ఉన్నావా? అయితే పెట్టేస్తున్నా

పోయిన ఏడాది కార్తీక మాసంలో ఒక మంగళవారం, ఉదయం పది దాటాక మా తమ్ముడికి ఫోన్ చేశాను. నేను హైదరాబాదులో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. వాడు విజయవాడలో మెడికల్ రెప్. అమ్మ అప్పటికి రెండు వారాలుగా నా దగ్గరే ఉంది. బ్యాంకు వాళ్లు అమ్మ కేవైసీ అడుగుతున్నారు, పాస్‌బుక్ ఎక్కడ పెట్టాడో కనుక్కుందామని చేశాను. అంతే పని. సాయంత్రం అడిగినా కొంప మునిగేది కాదు.

"చెప్పక్కా" అన్నాడు. గొంతు శుభ్రంగా వినిపించింది, పక్క గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. గాలి లేదు, హారన్ లేదు.

"అమ్మ పాస్‌బుక్ బీరువాలో ఏ అరలో పెట్టావురా?"

"పై అరలో... కాదు ఆగు, లాకర్ పక్కన నీలం కవర్..."

అక్కడ మాట తెగింది. రేకు డబ్బాని సిమెంటు నేల మీద ఈడ్చినట్టు ఒక శబ్దం. ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరివో గొంతులు, దూరంగా. "పట్టుకోండి, పట్టుకోండి." "హెల్మెట్ మెల్లగా తియ్యండి." "బాబూ, కాలు కదిలించగలవా?" "నీళ్లేవి, నీళ్లు తెండి."

ఫోన్ వాడి ప్యాంటు జేబులో ఉంది. మెడలో వేసుకునే బ్లూటూత్ ఇయర్‌ఫోన్, ఆ నెక్‌బ్యాండ్, మెడలోనే ఉంది. కాల్ కట్ కాలేదు. నేనూ కుట్టుపని చేస్తూ చెవుల్లో అదే పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఆ గొంతులన్నీ నాకు మాత్రమే వినిపిస్తున్నాయి. రెండు గజాల దూరంలో అమ్మ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకుంటోంది. "ఏమంటున్నాడు, దొరికిందంటనా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

తర్వాత కాల్ లాగ్‌లో చూశాను, ఆ కాల్ 11 నిమిషాలు. మేమిద్దరం మాట్లాడుకున్నది అర నిమిషం కూడా ఉండదు.

వాడు బతికాడు. ఏనికేపాడు దాటాక, గన్నవరం వెళ్లే హైవే మీద ముందున్న ఆటో మనిషిని ఎక్కించుకోవడానికి ఆగింది. వీడు వెళ్లి గుద్దుకున్నాడు. కాలర్ బోన్ విరిగింది, మోచెయ్యి చీరుకుపోయింది, రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. హెల్మెట్ ఉండబట్టి తలకి ఏమీ కాలేదు. ఆటో ఉన్నట్టుండి అడ్డం రాలేదట. అందరికీ కనబడేలాగే ఆగి ఉందట. మంచం మీద పడుకుని వాడు నాతో అన్న మాట ఇది: "నా కళ్లకి బీరువా కనబడుతోందక్కా, ఆటో కనబళ్లేదు."

ఆ నెక్‌బ్యాండ్ నేనే కొనిచ్చాను. అంతకుముందు ఫోన్‌ని హెల్మెట్‌కీ చెంపకీ మధ్య దోపుకుని, మెడ వంకర పెట్టుకుని మాట్లాడేవాడు. అది చూసి నాకు భయం వేసి, రాఖీకి ఇంటికొచ్చినప్పుడు 1,300 పెట్టి కొన్నాను. ఇంక చేతులు ఖాళీగా ఉంటాయి, భయం లేదనుకున్నాను. వాడూ అదే అనుకున్నాడు. వాళ్ల ఆఫీసు అయితే ఇంకా సంతోషించింది, ఎందుకంటే అంతకుముందు ఒక్కోసారైనా బండి ఆపి ఎత్తేవాడు, ఇప్పుడు ఆపకుండానే ఎత్తుతున్నాడు.

రెండు నెలలు వాడు మంచం మీద ఉన్నప్పుడు దీని గురించి దొరికినంత చదివాను, తెలియని మాటలు మా అబ్బాయి చేత చెప్పించుకున్నాను. చదివేకొద్దీ కడుపు రగిలిపోయింది. ఇది కొత్త విషయమేం కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ప్రమాదం జరిగి ఆస్పత్రికి వచ్చిన 456 మంది డ్రైవర్లతో మాట్లాడి, వాళ్ల ఫోన్ రికార్డులు తెప్పించి చూశారు. 2005లో ఫలితం అచ్చయింది. నడుపుతూ ఫోన్ వాడితే దెబ్బలు తగిలే ప్రమాదం నాలుగు రెట్లు. చేత్తో పట్టుకుని మాట్లాడితే దాదాపు అయిదు రెట్లు, చేత్తో పట్టుకోకుండా హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడినా దాదాపు నాలుగు రెట్లు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1997లో కెనడాలో టొరంటో డ్రైవర్ల మీద చేసిన పరిశీలనలో కూడా హ్యాండ్స్‌ఫ్రీ వల్ల మేలేమీ కనబడలేదు. మరి మన చేతికి నెక్‌బ్యాండ్ వచ్చేనాటికి ఈ మాట మనకెవరూ ఎందుకు చెప్పలేదు?

ఇంకోటి ఉంది, అది చదివినప్పుడు మా తమ్ముడి మాటే చదువుతున్నట్టు అనిపించింది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు కారు నడుపుతున్నట్టే ఉండే డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి, హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడిస్తూ వాళ్ల చూపు ఎటు పోతోందో పరికరంతో కొలిచారు. 2003లో ప్రచురించారు. దారి పక్కన బోర్డుల మీద చూపు నేరుగా పడింది. తర్వాత చూపించి అడిగితే, ఫోన్ మాట్లాడకుండా నడిపినప్పుడు గుర్తుపట్టినన్ని గుర్తుపట్టలేకపోయారు. చూశారు గానీ మనసుకి ఎక్కలేదు. మనవాళ్లు దీన్ని పరధ్యానం అని ఎప్పుడో అన్నారు. నేను ఏ అర అని అడిగాను. ఆ అర కనబడాలంటే వాడు మనసులో బీరువా తలుపు తెరవాలి. తెరిచాడు. ఆ సమయానికి బండి మాత్రం హైవే మీద పోతూనే ఉంది.

నా పనిలో ఇది నాకు ముందే తెలుసు, అదే నా బాధ. మిషన్ మీద తిన్నగా కుట్టు వేసేటప్పుడు గంటలు గంటలు మాట్లాడతాను. అత్తగారు, చెల్లెళ్లు, కస్టమర్లు, అందరితో మాటలు అప్పుడే. హెడ్‌సెట్ లేకపోతే నా పని నడవదు, మెడనొప్పితో ఎప్పుడో మిషన్ అమ్ముకునేదాన్ని. కానీ కత్తెర పట్టుకున్నప్పుడు ఎత్తను. ఆరేళ్ల కిందట ఒకావిడ పట్టుచీరలోని జాకెట్టు ముక్కని ఫోన్‌లో మాట్లాడుతూ చంక దగ్గర అర అంగుళం లోపలికి కోసేశాను. చేతులు రెండూ బట్ట మీదే ఉన్నాయి, కళ్లు గీత మీదే ఉన్నాయి. అయినా తప్పు కోశాను. ఆ రోజు నుంచి ఆది జాకెట్టు బల్ల మీద పరిచానంటే ఫోన్ పక్క గదిలోకి పోతుంది. గుడ్డముక్క కోసం అంత జాగ్రత్త నేర్చుకున్నదాన్ని, వాడికి ఫోన్ చేసినప్పుడు ఎక్కడున్నావని ఒక్క మాట అడగలేదు.

అసలు ఆ చేతులైనా ఖాళీగా ఉంటాయా? వాడి నెక్‌బ్యాండ్‌కి చివర రెండు అయస్కాంతాలు ఉంటాయి. రెండూ అతుక్కుని మెడలో వేలాడుతుంటాయి. ఫోన్ వస్తే వాటిని విడదీయాలి, అప్పుడు ఎత్తినట్టు. కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి ఎడమచేత్తో లాగి, హెల్మెట్ కింద నుంచి ఒకటి ఈ చెవిలో, ఒకటి ఆ చెవిలో కూరుకోవాలి. అంతసేపూ హ్యాండిల్ మీద ఒక్క చెయ్యే. చార్జింగ్ అయిపోవస్తే మధ్యలో అదొకటి అరుస్తుంది. కారు ఉన్నవాళ్లది ఇంకో గోల. ఫోన్ కారుకీ, చెవిలో దానికీ రెండింటికీ జత అయి ఉంటుంది, మాట ఎందులో వస్తోందో తెలియదు, ఫోన్ తీసి స్క్రీన్ మీద వెతుక్కోవాలి. రబ్బరు బుడిపెలు చెవిలో బిగుతుగా కూర్చుంటే వెనక లారీ హారన్ కూడా మందంగా వినిపిస్తుంది.

ఇప్పుడు వచ్చేవాటిలో ఇంకో సంగతి ఉంది, నేను మోసపోయింది దానితోనే. మైకులోకి వచ్చే గాలి, బండ్ల రొద వేరు చేసి తీసేసి, మాట్లాడేవాళ్ల గొంతు మాత్రమే అవతలికి పంపిస్తాయి. కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాలతో అదే రాసి ఉంది, నేనూ అది చూసే కొన్నాను. పాత ఫోన్లలో అయితే ఎత్తగానే హోరున గాలి వినబడేది, "బండి మీద ఉన్నావా, తర్వాత చేస్తాలే" అనేవాళ్లం. ఇప్పుడు అవతలి మనిషి హైవే మీద ఉన్నా మనకి తెలియదు. తెలియాలంటే అడగాల్సిందే, వేరే దారి లేదు.

చట్టం సంగతి కూడా చూశాను. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, 2019 సవరణతో, నడుపుతూ చేత్తో పట్టుకునే ఫోన్ వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు. మొదటిసారికి 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. అందులో ఉన్న మాట చేత్తో పట్టుకునే పరికరం అనే. చెవిలో పెట్టుకునే దాని పేరు అక్కడ లేదు. దాంతో జనం, చట్టం వద్దనలేదు కాబట్టి ప్రమాదం లేదని అర్థం చేసుకున్నారు. అమెరికాలో రవాణా ప్రమాదాలను విచారించే జాతీయ బోర్డు 2011 డిసెంబరులోనే, హ్యాండ్స్‌ఫ్రీ అయినా సరే, అత్యవసరమైతే తప్ప డ్రైవర్లు ఫోన్ వాడకూడదని అన్ని రాష్ట్రాలకీ సిఫారసు చేసింది. మన దేశంలో కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా బైకులూ స్కూటర్ల మీద వెళ్తున్నవాళ్లే.

ఇదంతా చెప్తే ఒకటే ప్రశ్న వేస్తారు. పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడమా, దానికేం కాదా అని. పక్కన కూర్చున్నవాళ్లకి రోడ్డు కనబడుతుంది. లారీ దాటేటప్పుడు వాళ్లే నోరు మూసుకుంటారు, "గేదెలు, గేదెలు, మెల్లగా" అంటారు. నాకు ఏనికేపాడు కనబడలేదు. ఆటో ఆగుతున్న క్షణంలో నేను ఇంకా అర గురించే అడుగుతున్నాను. దీని మీద కూడా ఆ యూటా వాళ్లే 2008లో పోల్చి చూశారు. పక్కన మనిషి ఉంటే మాటలు కూడా రోడ్డుని బట్టి మారతాయట.

నడిపేవాడిదే తప్పు, ఎత్తకుండా ఉండొచ్చు కదా అంటారు. ఎలా ఎత్తకుండా ఉంటాడు? మా తమ్ముడి మేనేజర్ రోజుకి ఏడెనిమిది సార్లు చేస్తాడు. ఎక్కడున్నావ్, ఏ డాక్టర్ని కలిశావ్, ఆర్డర్ ఏమైంది. రెండోసారి రింగయ్యేలోపు ఎత్తకపోతే సాయంత్రం మీటింగులో అందరి ముందూ అంటాడు. ఫీల్డులో పనిచేసేవాడు ఆ టైములో రోడ్డు మీదే ఉంటాడని ఆయనకి తెలియదా? ఆయనా అలాగే తిరిగి పైకొచ్చినవాడే. కాలర్ బోన్ విరిగిన మూడో రోజు కూడా ఫోన్ చేసి, ముందు ట్యాబ్ పగిలిందా అని అడిగాడు. మనం మాత్రం తక్కువా? బిర్యానీ పది నిమిషాలు ఆలస్యమైతే డెలివరీ అబ్బాయికి ఫోన్ చేసి "ఎక్కడున్నావ్ అన్నా" అంటాం. ఎక్కడుంటాడు, బండి మీద ఉంటాడు. "ఆ వచ్చేశా మేడమ్, రెండు నిమిషాలు" అంటూ ట్రాఫిక్‌లో దూరుతుంటాడు. యాప్‌లో బొమ్మ కదులుతూ కనబడుతూనే ఉంటుంది, అయినా చేస్తాం. నేనూ చేశాను, చాలాసార్లు.

అమ్మల సంగతి వేరు. వాళ్లది భయం. ఎత్తకపోతే టెన్షన్, ఎత్తేదాకా మళ్లీ మళ్లీ చేస్తారు, ఆ మోతకే బిడ్డ బండి మీద ఎత్తేస్తాడు. దీనికి మన దగ్గరే పాత పద్ధతి ఉంది. కాల్ రేట్లు మండిపోయే రోజుల్లో "చేరాక మిస్డ్ కాల్ ఇవ్వు" అనేవాళ్లం. చేరేదాకా ఎవరూ కదిపేవాళ్లు కాదు. అది డబ్బు మిగుల్చుకోవడానికి పెట్టుకున్నది, కానీ ఎంతమందిని క్షేమంగా ఇల్లు చేర్చిందో.

అందుకే ఇప్పుడు నా పద్ధతి చెప్తున్నాను, మీరూ పాటించమని గట్టిగా అడుగుతున్నాను. ఫోన్ ఎత్తగానే నా మొదటి మాట "ఎక్కడున్నావ్, బండి మీదా?" అవును అంటే "పెట్టేస్తున్నా, ఆగాక చెయ్యి" అని నేనే పెట్టేస్తాను. "పర్లేదు చెప్పు, బ్లూటూత్ ఉంది" అన్నా వినను. రెండో మాట మాట్లాడను. ఒక్కసారి మొహమాటపడితే మాట సాగిపోతుంది. మా చుట్టాల్లో కొందరు నొచ్చుకున్నారు, మా ఆడపడుచు అయితే వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు. నా కస్టమర్లకి కూడా ఇదే. మనుషుల్ని పనికి పంపేవాళ్లు, మీ వాట్సాప్ గ్రూపులో ఒక్క లైను పెట్టండి, నడుపుతూ ఉంటే ఎత్తక్కర్లేదు, ఆగాక చేస్తే చాలు అని. పై నుంచి ఆ మాట రాకపోతే కింద ఉన్నవాడికి ఎత్తకుండా ఉండే ధైర్యం రాదు.

తమ్ముడు మళ్లీ డ్యూటీలో చేరాడు. నెక్‌బ్యాండ్ బ్యాగులో పడేసుకుంటాడు, టీకొట్టు దగ్గర ఆగినప్పుడు తీస్తాడు. అమ్మ ఈ నెల మళ్లీ నా దగ్గరికి వచ్చింది. రేపు పొద్దున వాడు నూజివీడు వెళ్తాడట. ఎనిమిదిన్నరకి బయల్దేరతాడు, చేరాక మిస్డ్ కాల్ ఇస్తాడు, అప్పటిదాకా ఫోన్ ముట్టుకోకమ్మా అని చెప్పాను. "పది దాటినా రాకపోతే?" అంది. పదిన్నర దాకా చూద్దామన్నాను. సరేనంది గానీ, ఇప్పటినుంచే గోడ గడియారం వైపు చూస్తోంది.