సవరణ: ‘ఇల్మాటిక్’లో డీజే ప్రీమియర్ వాటా

హిప్‌హాప్ పాటలకు సంగీతం కూర్చే నిర్మాత డీజే ప్రీమియర్ జ్ఞాపకాల ఆధారంగా అమెరికన్ రాపర్ నాస్ తొలి ఆల్బమ్ ‘ఇల్మాటిక్’పై ఇంతకు ముందు ప్రచురించిన వ్యాసంలో, ఆ ఆల్బమ్ సంగీతమంతా ప్రీమియర్‌దే అన్న అర్థం వచ్చే వాక్యాన్ని సవరిస్తున్నాము. 1994 ఏప్రిల్‌లో కొలంబియా సంస్థ విడుదల చేసిన ఈ ఆల్బమ్‌లో ఆయన సంగీతం కూర్చినవి ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’, ‘మెమరీ లేన్’, ‘రిప్రజెంట్’ అనే మూడు పాటలే. మిగిలినవాటి వెనుక లార్జ్ ప్రొఫెసర్, పీట్ రాక్, క్యూ-టిప్, ఎల్.ఇ.ఎస్. అనే నిర్మాతలు ఉన్నారు. ఒక రాపర్ ఆల్బమ్‌ను చాలావరకు ఒకే నిర్మాతో, ఒకే బృందమో తీర్చిదిద్దే ఆ రోజుల్లో ఇంతమంది పేరున్నవారు ఒకచోట చేరడం ‘ఇల్మాటిక్’ వారసత్వంలో ముఖ్యభాగం కనుక, ఈ తేడాను చిన్నదిగా తీసివేయలేము.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని మైకు ముందు గొణిగిన నాస్, మరుక్షణమే ధారగా అందుకున్నాడని ప్రీమియర్ చెప్పే ఉదంతం ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ తొలి చరణానికి చెందినదే తప్ప మొత్తం ఆల్బమ్‌కు వర్తించదు. ఆ గొణుగుడు రికార్డులో అలాగే ఉండిపోయింది (దాన్ని కత్తిరించకపోవడమే మేలైంది). ఆ పాటలో వెంటాడే పియానో వరుస జాజ్ కళాకారుడు జో చేంబర్స్ ‘మైండ్ రెయిన్’ నుంచి తీసుకున్నది.

విలువైన రికార్డింగులను ఎంపిక చేసి భద్రపరిచే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో ఈ ఆల్బమ్ చేరింది 2020 జాబితాలో. ప్రకటన మాత్రం 2021 మార్చిలో వెలువడింది.