చెల్లింపుకు సంతకం ఏదీ?

సాయంత్రం రద్దీలో కూరగాయల బండి దగ్గర గొడవ ఎలా మొదలవుతుందో అందరికీ తెలిసిందే. కొన్న మనిషి ఫోన్ తిప్పి చూపిస్తాడు. పచ్చ టిక్కు, 480 రూపాయలు, కింద 12 అంకెల రిఫరెన్స్ నంబరు. బండి మీద సౌండ్ బాక్స్ మాత్రం పలకదు. నెట్ స్లోగా ఉందో, డబ్బు మధ్యలో ఎక్కడో ఇరుక్కుందో, అసలు ఆ తెరే నకిలీదో తేల్చుకునే దారి అమ్మే ఆమెకు లేదు. అచ్చం అసలు యాప్‌లాగే తెర చూపించే నకిలీ యాప్‌తో దుకాణదారులను ముంచిన వాళ్లను హైదరాబాద్ పోలీసులు 2021లోనే పట్టుకున్నారు. నిజంగా డబ్బు కట్టిన మనిషి పరిస్థితీ అంతే. తన నిజాయితీకి ఆయన చూపగలిగిన ఆధారం కూడా అదే స్క్రీన్‌షాట్.

2016లో మొదలైన యూపీఐలో 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. ఇంత పెద్ద వ్యవస్థలో మామూలు మనిషి చేతికి దక్కే రుజువు ఎవరైనా మార్చగలిగే ఒక బొమ్మ కావడం అన్యాయమని మేము గట్టిగా చెప్పదలిచాం.

'అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, భయం లేదు' అని బ్యాంకులు చెబుతుంటాయి. అది నిజమే. మనం కొట్టే పిన్ ఫోన్‌లోనే గూఢలిపిలోకి మారి వెళ్తుంది, దారిలో ఎవరూ చదవలేరు. కానీ చదవకుండా కాపాడడం వేరు, మార్చలేకుండా కాపాడడం వేరు. ఈ రెండో పనికి కావలసింది డిజిటల్ సంతకం. అది మన దగ్గర లేదా అంటే ఉంది. యూపీఐలో బ్యాంకులకూ దాన్ని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కూ మధ్య నడిచే సందేశాలన్నిటికీ డిజిటల్ సంతకం ఉండి తీరాలి. బ్యాంకు బ్యాంకును ఉత్త మాట మీద నమ్మదు, సంతకం చూసే నమ్ముతుంది. ఖాతాదారు మాత్రం ఉత్త మాట మీదే నమ్మాలట. మా అభ్యంతరం ఇదే.

ఆ సంతకం రసీదు మీద కూడా ఉంటే ఏమవుతుందో చూడండి. ఎవరి నుంచి ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఏ నంబరుతో అన్న వివరాలను బ్యాంకు కంప్యూటర్ షా-256 అనే లెక్కలో వేస్తే ఆ వివరాలకు వేలిముద్రలాంటి 64 అక్షరాల హ్యాష్ వస్తుంది. 480ని 4,800 చేసినా, సాయంత్రం 6.42ని 6.43 చేసినా ఆ 64 అక్షరాలు పోలిక లేనంతగా మారిపోతాయి. బ్యాంకు ఆ హ్యాష్ మీద తన రహస్య కీతో సంతకం చేస్తుంది. బ్యాంకు బహిరంగంగా ప్రకటించిన మరో కీతో దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. రసీదు మీద చిన్న క్యూఆర్ ఉంటే బండి దగ్గరి ఆమె తన ఫోన్‌తో స్కాన్ చేసుకుంటుంది. నెట్ లేకపోయినా అసలుదో నకిలీదో అక్కడికక్కడే తెలిసిపోతుంది, గొడవకే చోటుండదు.

ఇదేమీ కొత్త ఊహ కాదు. 2020 అక్టోబరు నుంచి జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్‌లు నడుస్తున్న తీరు ఇదే. ఇన్‌వాయిస్‌కు 64 అక్షరాల హ్యాష్ నంబరు, సంతకం చేసిన క్యూఆర్ రెండూ ఉంటాయి. పన్ను వసూలుకు పనికొచ్చిన పద్ధతి 480 రూపాయల కూరగాయలకు ఎందుకు పనికిరాదు? భారం పెరుగుతుందన్న వాదన మాకు బలంగా కనిపించడం లేదు. బ్యాంకుల మధ్య ఒక్కో లావాదేవీకి ఇప్పటికే ఎన్నో సంతకాలు పడుతున్నాయి. ఇంకొకటి పడితే సర్వర్లు కూలిపోవు.

రసీదు కన్నా పెద్ద సమస్య బ్యాంకు లోపలి రికార్డుది. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ సహకార బ్యాంకు సర్వర్లలోకి దొంగలు దూరి 12 కోట్ల రూపాయలకు పైగా మళ్లించారు. లోపలి అధికారాలు చేతికి చిక్కితే ఏం చేయవచ్చో అప్పుడు తెలిసింది. అంతకన్నా ఘోరం బ్రిటన్ తపాలా శాఖలో జరిగింది. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ చూపిన తప్పుడు లెక్కలను పట్టుకుని 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లను దొంగలుగా తేల్చారు. జైలుకు వెళ్లినవాళ్లున్నారు, ఆస్తులమ్ముకున్నవాళ్లున్నారు. పోస్టాఫీసుల ఖాతాలను బయటి నుంచి మార్చే వీలు హొరైజన్‌ను నడిపే ఫుజిత్సు కంపెనీ సిబ్బందికి ఉందన్న సంగతిని తపాలా శాఖ ఏళ్ల తరబడి కాదంది. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేయాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లోని తప్పులను హ్యాష్‌లూ సంతకాలూ సరిచేయవు. కానీ ప్రతి పద్దుకూ అవి ఉండి ఉంటే ఎవరు, ఎప్పుడు, ఏ పద్దు మార్చారో దాచిపెట్టే అవకాశం ఉండేది కాదు. కోర్టులో చూపడానికి ఆ పోస్ట్‌మాస్టర్ చేతిలోనూ సంతకమున్న నకలు ఒకటి ఉండేది.

దీనికీ విరుగుడు ఉంది. ఒక్కో పద్దు హ్యాష్‌ను తర్వాతి పద్దులో కలుపుతూ పోతే, పేజీ నంబర్లున్న చిట్టాలో కాగితం చింపినట్టే, మధ్యలో ఏది మార్చినా బయటపడుతుంది. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే పరిశోధకులు చూపిన దారి ఇది. మొత్తం చిట్టానే కొత్తగా రాసేస్తే ఎలా అన్న ప్రశ్నకూ వాళ్ల దగ్గర జవాబుంది. వాళ్ల కంపెనీ 1995 నుంచి వారానికోసారి ఆ హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించింది. అచ్చయి ఊరంతా పంచిన పత్రికను వెనక్కి తీసుకుని మార్చడం ఎవరి తరమూ కాదు. అందులో ఎవరి పేరూ, ఎవరి మొత్తమూ కనిపించదు కాబట్టి గోప్యతకూ ముప్పు లేదు.

మన చట్టం ఈ విషయంలో ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకిచ్చేటప్పుడు హ్యాష్ విలువ రాసిన సర్టిఫికెట్ జతచేయాలి. మంచి మార్పు. కానీ ఆ సర్టిఫికెట్ నమూనాలో షా-256 పక్కనే ఎండీ5, షా-1 అనే పాత హ్యాష్ లెక్కలు కూడా ఉన్నాయి. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ వచ్చేలా చేయవచ్చని ఎండీ5 విషయంలో 2004లో, షా-1 విషయంలో 2017లో పరిశోధకులు చేసి చూపించారు. ఎప్పుడో విరిగిపోయిన తాళాలను కొత్త చట్టంలో పెట్టడం మాకు మింగుడుపడటం లేదు. డబ్బు పోగొట్టుకున్న ముసలాయన కేసులో అవతలి లాయరు పట్టుకునేది సరిగ్గా ఈ లొసుగునే.

విఫలమైన లావాదేవీ డబ్బు గడువులోగా తిరిగి రాకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే ఆదేశించింది. ఆ హక్కు కోసం బ్యాంకు చుట్టూ తిరిగే మనిషికి ముందు ఎదురయ్యే జవాబు 'మా సిస్టమ్‌లో అలా లేదండీ' అన్నదే. ఆ సిస్టమ్‌లో ఏముందో ఆయన విడిగా చూడలేడు. దీంతో వచ్చే టెన్షన్ అంతా ఆయనదే.

కాబట్టి సంతకమున్న రసీదును అన్ని చెల్లింపుల యాప్‌లకూ, బ్యాంకులకూ తప్పనిసరి చేస్తూ రిజర్వ్ బ్యాంకు గడువు ప్రకటించాలి. సంతకం చేసే కీ దొంగల చేతికి పోతే రసీదులన్నీ అనుమానాస్పదమే కాబట్టి, ఆ కీని బయటికి తీయలేని ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే ఉంచాలని షరతు పెట్టాలి. సాక్ష్య సర్టిఫికెట్ నమూనా నుంచి ఎండీ5, షా-1లను కేంద్రం తొలగించాలి. చిన్న సహకార బ్యాంకులు సొంతంగా ఈ ఏర్పాటు చేసుకోలేవు, వాటికి ఉమ్మడి సేవ కావాలి. ఇక రోజువారీ రికార్డు హ్యాష్‌ను బ్యాంకులు బహిరంగంగా ప్రకటించాలి. 64 అక్షరాలకు పత్రికలో రెండు లైన్ల చోటు చాలు. బ్యాంకులు పంపితే ఆ రెండు లైన్లను ప్రతిరోజూ ఉచితంగా అచ్చువేయడానికి మేము సిద్ధం.