ఉలూరు గొలుసుగారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ గొలుసుగారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడమే మర్యాద గాని, మీ దారిన ఎక్కబోయి ప్రాణాలు వదిలినవారు కనీసం 37 మంది ఉన్నారు కనుక ఆ మాట విడిచిపెడుతున్నాను.

ఆస్ట్రేలియా నడిబొడ్డున 348 మీటర్ల ఎత్తున నిలిచిన ఉలూరు అనే ఆ ఎర్రని ఏకశిలకు, ఎక్కేవారు పట్టుకునేందుకు మిమ్మల్ని 1964లో బిగించి, 1976లో మరికొంత పొడిగించారు. కొండ ఎవరిదో వారిని అడగాలన్న ఆలోచన ఇనుముకు తట్టకపోవడం సహజమే, మనుషులకూ తట్టలేదు. 1985 అక్టోబరు 26న ఆ నేలను దాని ఆదివాసులైన అనంగు ప్రజలకు ఒక చేత్తో అప్పగించిన ప్రభుత్వం, రెండో చేత్తో 99 ఏళ్లకు లీజు రాయించుకుంది. మీరు మాత్రం కదల్లేదు.

అది తమ మాలా పూర్వీకులు (మాలా అంటే అక్కడి చిన్న కంగారూ వంటి జంతువు) నడిచిన పవిత్రమైన దారి అనీ, అక్కడ అతిథి పడి చనిపోతే ఆ దుఃఖం తమదే అనీ చెప్పి, దయచేసి ఎక్కవద్దని ఇంటివారు కొండ మొదట్లోనే బోర్డు పెట్టుకున్నారు. ఇంటివారు గుమ్మంలో నిలబడి వద్దంటుంటే పెరటిగోడకు నిచ్చెన వేసి రమ్మన్నది మీరు. పైన మరుగుదొడ్డి లేదు కనుక, ఎక్కినవారు వదిలినదంతా వానకు కొట్టుకొచ్చి కింది నీటిగుంటల్లో చేరేది. (ఫొటోల్లో ఇది పడదు లెండి.)

మీరు లేకపోతే పర్యాటకమే మూతపడుతుందని వాపోయినవారూ లేకపోలేదు. నిజానికి 1990లలో వచ్చినవారిలో నూటికి డెబ్బైమందికి పైగా ఎక్కితే, 2011–15 మధ్య ఎక్కినవారు నూటికి 16 మందే. అనంగుల ఆధిక్యం గల అక్కడి జాతీయ పార్కు పాలకమండలి 2017లో ఏకగ్రీవంగా తీర్మానించి, 2019 అక్టోబరు 26న ఆ దారి మూసింది. మూసేముందు కట్టిన బారులు చూస్తే మాత్రం, వద్దన్న మాటకు ఉన్న ఆకర్షణ రమ్మన్న మాటకు లేదనిపించింది.

ఇప్పుడు అతిథులు కొండ చుట్టూ దాదాపు పది కిలోమీటర్లు నడుస్తారు. చెప్పదగినది అనంగులు చెబుతారు, చెప్పకూడనిది తమలోనే ఉంచుకుంటారు. కొన్నిచోట్ల కెమెరా తీయవద్దంటారు. డబ్బు కట్టాం కదా, అంతా చూపించాల్సిందే అనుకునే మనలాంటివారికి ఇది కొత్త పాఠం.

ఒకప్పుడు అక్కడి రాళ్లు జేబులో వేసుకుపోయినవారు ఇప్పుడు క్షమాపణ చీటీ జతచేసి వాటిని పోస్టులో తిప్పి పంపుతున్నారట. అర్ధశతాబ్దానికి పైగా ఆ రాతిని పట్టుకు వేలాడి, చివరికి ముక్కలై దిగివచ్చిన మీరు, అనంగులకు రెండు ముక్కలు రాయలేరా?

ఇట్లు,
ఎక్కని ఒక యాత్రికుడు